పదిహేడో నంబరు చోటు

నలభై మందికి పులావు వండిన డేగిశా తోమి, తుడిచి, అందులో లైబ్రరీ పుస్తకం వేసుకుని జయమణి మేడమీదికి మోసింది. కేంబ్రిడ్జ్‌లో తెలుగు చర్చికి సొంత గూడు లేదు; ఆదివారాలు స్కూలు హాలు అద్దెకు తీసుకుంటారు. అందుకని సంఘం సామానంతా సంఘపెద్ద అయిన ఆమె భర్త సంతోషం గారింట్లో, మేడమీది చిన్నగదిలో ఉంటుంది. ఇల్లు కొన్నరోజు "ఇది నువ్వు చదువుకునే గది జయా" అన్నది ఆయనే. పన్నెండేళ్ళయింది. ఒక్కొక్క డేగిశా, ఒక్కొక్క మడతకుర్చీ వచ్చి చేరాయి. జయమణి వంటింట్లో, కుక్కర్ కూతల మధ్య, పిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి ఒక్కతే ఇంగ్లీషు నేర్చుకుంది. డెబ్బై ఏళ్ళకు ఏ పరీక్ష రాస్తావని ఆయన నలుగురిలో నవ్వేవారు.

డేగిశా దించి, ఆయాసం తీరేదాకా అక్కడే కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచింది. జర్మనీ ఊళ్ళలోని పాత సమాజమందిరాల గురించి, అంటే యూదులు ప్రార్థన చేసుకునే చోట్ల గురించి. బైబిల్లో ఎన్నిసార్లో చదివిన మాట. యూదులను తరిమేసిన రోజుల్లో కొన్ని మందిరాలను తగలబెట్టారు. కొన్ని గడ్డికొట్లయ్యాయి. ఒకదాంట్లో ఫైరింజన్ నిలిపారు. ఒక పల్లె మందిరం ఫొటోలో పైన చెక్కల అంతస్తు, నిండా గోనెసంచులు. అటక కాబోలు అనుకుంది. ఫొటో కింది అక్షరాలు కూడబలుక్కుంటే తెలిసింది, అది ఆడవాళ్ళు కూర్చునే చోటని.

అక్కడ కూర్చున్న ఆడవాళ్ళు ఒకరికొకరు చివరిసారి ఏం చెప్పుకున్నారో. తను ఈ దేశం వస్తున్నప్పుడు నరసాపురం స్టేషన్లో రైలు కదిలాక కూడా అక్క "మందులు మర్చిపోకే" అనే అంది. ఇంకో మాటకు వీల్లేకుండానే అక్క చనిపోయింది. అప్పటినుంచి ఎవరు గుమ్మం దాటినా జయమణికి గుండె దడ.

భయపడుతూనే పేజీ తిప్పింది. ఎన్నో ఏళ్ళకు ఊరివాళ్ళే గోనెలు దించారట. బల్లల మీద రంగు గీకితే, ఎవరి చోటు ఎవరిదో నంబర్లు బయటపడ్డాయట. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. కానీ ఒకామె మనవరాలు దేశాలు దాటి వచ్చి, పదిహేడో నంబరు వెతుక్కుని, అమ్మమ్మ చోట్లో కూర్చుందట.

జయమణి పేజీ వెనక్కి తిప్పి, గోనెసంచుల ఫొటో మళ్ళీ చూసింది. తర్వాత లేచి, ఇందాక తెచ్చిన డేగిశా మళ్ళీ కింద హాల్లోకి దించింది. తర్వాత ఇంకోటి. కుర్చీలు ఒక్కొక్కటే. కింద గదిలో పడుకున్న ఆయన లేస్తే ఏమంటారోనని మెట్టుమెట్టుకీ బెదురు.

సంతోషం మధ్యాహ్నం నిద్ర లేచి వచ్చి, హాలు చూసి నిలబడిపోయారు.

"ఏంటిది జయా? ఇల్లా, గోడౌనా?"

"గోడౌనే అండి. పన్నెండేళ్ళుగా పైనుంది కాబట్టి మీకు కనబళ్ళేదు."

"మరి ఇవన్నీ ఎక్కడ పెడతాం?"

"కమిటీలో ఏడుగురు మగాళ్ళు, ఏడు గరాజులు. డ్రైవ్ చేస్తారుగా, తలా ఒకటి దింపి రండి."

ఆయన నవ్వుదామనుకున్నారు గానీ, నవ్వించడానికి పక్కన నలుగురు లేరు. మేడమీదికి వెళ్ళి తొంగిచూశారు. ఖాళీ గదిలో, కిటికీ దగ్గర రెండు కుర్చీలు మాత్రం ఉన్నాయి.

"రెండోది ఎవరికి?"

"చదవాలనుకునే వాళ్ళకి," అంది జయమణి వెనకే మెట్లెక్కుతూ. "డేగిశాలు దింపొచ్చాక, మీరైనా రావచ్చు."