టోపీ అడుగున అరవై నోట్లు

డబ్బు మార్చే మూడో కౌంటర్లోనూ అదే మాట.

"ఇవి చెల్లవమ్మా. కాగితం నోట్లు. ఇంగ్లండ్‌లోనే ఆపేసి ఏళ్ళయింది. అక్కడిప్పుడు ప్లాస్టిక్ నోట్లు."

నోవలెట్ అద్దం కింది సందులోంచి కట్టను మళ్ళీ లోపలికి తోసింది. "సరిగ్గా చూడు నాయనా. ఒక్క మడత లేదు. రాణిగారి బొమ్మ లేదూ?"

"రాణిగారు ఉన్నారు. విలువే లేదు. నెక్స్ట్!"

ఇరవై పౌండ్ల నోట్లు అరవై. చెల్లే రోజుల్లో అయితే రెండు లక్షల నలభై వేల జమైకా డాలర్లు. ఓల్డ్ హార్బర్ బే రేవులో క్లోవిస్ అమ్ముతున్న పాత పడవ ఇంజన్ ఖరీదు లక్షా ముప్ఫై వేలు. సాయంత్రం నాలుగు దాకా ఆగుతానన్నాడు. నాలుగు దాటి ఒక్క నిమిషమైనా వేరేవాడికి ఇచ్చేస్తానని కూడా అన్నాడు. తుపాను వాళ్ళ ఇంజన్‌ను సముద్రంలో కలిపేసి మూడు నెలలైంది. అప్పటినుంచి భర్త లాయిడ్ పరాయి పడవలో కూలికి పోతున్నాడు. పడవ ఒడ్డున ఎండుతోంది.

గోడ గడియారంలో పదకొండున్నర.

క్యాషియర్ మీద కంటే అమ్మ మీదే ఒళ్ళు మండింది నోవలెట్‌కి. పన్నెండేళ్ళ కిందట ఇంగ్లండ్ నుంచి లర్లీన్ పిన్ని పంపిన పీపాలో బియ్యం, సబ్బులు, బట్టలు నెలలోనే అయిపోయాయి. నల్ల టోపీ పెట్టె, బూట్ల పెట్టె మాత్రం బీరువా మీదికెక్కాయి. "అవి నా చావుకి" అంది అమ్మ ఐసిల్డా. అద్దాల బీరువాలో పూల ప్లేట్లూ అంతే. ఆ ఇంట్లో మంచి వస్తువేదీ బతికున్నవాళ్ళకి దక్కదు.

టోపీ బాగుందని అమ్మ ఫోన్ చేస్తే, "టోపీ ఒక్కటేనా?" అని అడిగిందట పిన్ని. "బూట్లు కూడా బాగున్నాయే" అందట అమ్మ. ఆ తర్వాత పిన్ని ఫోన్లు తగ్గిపోయాయి. కిందటి వారం పిన్ని పోయింది. చర్చిలో ప్రార్థన పెట్టించి, దానికి పెట్టుకోక తప్పదని అమ్మ టోపీ తీసింది. అడుగున పల్చటి కాగితం, దాని కింద నోట్లు, ఒక చీటీ. అమ్మ ఏడుస్తూ చీటీని చదవకుండానే బైబిల్లో దాచేసింది. కట్ట నోవలెట్ చేతికొచ్చింది.

నాలుగో చోటు పెద్ద బ్యాంకు. టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చుంటే ఓ పెద్దావిడ విడమరిచి చెప్పింది. "లండన్‌లో ఇస్తే ఎప్పటికైనా మారుస్తారు తల్లీ. పోస్టులో పంపాలి, పాస్‌పోర్ట్ నకలు జతచేయాలి, నెలలు పడుతుంది. అక్కడ మీవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఉండేది. కిందటి వారం దాకా."

బయటికొచ్చేసరికి ఎండ నెత్తిన కొట్టింది. బ్యాంకులో వెనక కూర్చుని అంతా విన్న ఎర్ర బనియన్ మనిషి ఒకడు పక్కనే నడవసాగాడు.

"ఏం ఆంటీ, రాణిగారిని ఎవరూ ముట్టుకోలేదా?"

"నీకెందుకు?"

"జాలి. చెత్తకాగితాలే గానీ, నలభై వేలు ఇస్తా. ఇంటికి ఉత్త చేతుల్తో పోకు."

"చెత్తకి నలభై వేలా? నీ జాలి చల్లగుండ. దారి వదులు."

ఆమె నడిచింది. అతనూ నడిచాడు. "యాభై."

నోవలెట్ ఆగింది. ఇరవై ఏళ్ళుగా చేపలమ్ముతోంది. మొప్పలు విప్పి, కన్ను నొక్కి, కుళ్ళిందని ముక్కు మూసుకునేవాడు పోతే పోయినట్టే. వెనక్కి తిరిగొచ్చాడంటే మాత్రం, వాడి పొయ్యి మీద అప్పటికే నూనె కాగుతోందని అర్థం.

"కంపు కొట్టే చేప వెంట ఎవరూ పడరు బాబూ. లండన్‌కి ఎవరెళ్తున్నారు?"

అతను నవ్వేశాడు. "మా వదిన. సోమవారం. దేవాంతకురాలివి ఆంటీ. ఎనభై."

"లక్షా ముప్ఫై. బస్సు ఛార్జీ కూడా నీదే."

"నన్ను అమ్మినా అంత రాదు!"

"నిన్నెవరు కొంటారు? పని చూసుకో. వీటిని పోస్టులో పంపుకుంటా." రోడ్డు దాటసాగింది. వెనక్కి చూడలేదు. అతను పిలవకపోతే ఇంజన్ పోయినట్టే. ఒక అడుగు. రెండు. మూడు.

"ఆగు, ఆగు! రా, ఆ బ్రెడ్ షాపులోకి."

జనం మధ్య నిలబడి లక్షా ముప్ఫై వేలూ లెక్క చూసుకుంది. దగ్గర దగ్గర సగం సొమ్ము పరాయివాడి జేబులోకి పోతుంటే గొంతులో చేపముల్లు దిగినట్టయింది.

దారిలో ట్రాఫిక్. షేర్ టాక్సీ డ్రైవర్‌ని రేవుదాకా తిడుతూనే ఉంది. నాలుగుకి ఆరు నిమిషాలుండగా క్లోవిస్ చేతిలో డబ్బు పెట్టింది. లాయిడ్ తాడు లాగాడు. రెండుసార్లు దగ్గి, మూడోసారికి ఇంజన్ అందుకుంది. పొద్దున నుంచి నోవలెట్ అప్పుడే మొదటిసారి ఊపిరి పీల్చుకుంది.

ఇంటికొచ్చాక ఆ శాంతి ఎంతోసేపు నిలవలేదు. అమ్మ బైబిల్ ఇచ్చి, "ఆ చీటీ చదివి పెట్టు. నాకు కళ్ళు ఆనవు" అంది.

నోవలెట్ చదివింది. "అక్కా, సగం ఇందులో పెట్టాను, సగం బూట్లలో. ఇంటికి కప్పు వేయించుకో. ఎవరికీ చెప్పకు. నాకు మాత్రం ముట్టిందని చెప్పు."

ఐసిల్డా చీటీ తీసుకుని వేళ్ళతో తడిమింది. "పన్నెండేళ్ళు అది నా మాట కోసం చూసిందా?" అని మెల్లగా అంది. తర్వాత లేచి, బూట్ల పెట్టె దించి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ మూత మీద అదిమింది.

"ఇటివ్వమ్మా. ఆ మనిషి వదిన సోమవారం వెళ్ళిపోతుంది."

"ఇవ్వను. ఇవి నా చావుకే. లర్లీన్ చేతి ముడి దీనికింకా అలాగే ఉంది."

"అమ్మా! లోపల డబ్బుందే! గడువు తీరిన డబ్బు!"

"నాకూ తీరుతుందిలే. అప్పుడు తీసుకో."