గేటు పక్కన ఎర్తు గుంత

గడ్డపార మూడడుగులు దిగినా మట్టిలో తడి తగల్లేదు. పెద్దారవీడులో వెంకటసుబ్బులమ్మ ఇంటి గేటు పక్కన యోబు ఎర్తు గుంత తవ్వుతున్నాడు. మిద్దె మీద సోలార్ పలకలు పొద్దున్నే ఎక్కించారు. తీగల్లో కరెంటు లీకైతే మనిషిని తాకకుండా భూమిలోకి దింపేది ఈ గుంతే.

యోబుకు యాభై రెండేళ్లు. ఎండకు కమిలిన మెడ, అరచేతుల నిండా కాయలు. ఇరవై ఏళ్లుగా మార్కాపురం చుట్టుపక్కల సోలార్ బిగిస్తున్నాడు గానీ, గుంత ఏనాడూ గేటు దగ్గర తవ్వలేదు. పెరట్లో అంట్లు తోమే చోట తవ్వేవాడు. ఎండిన నేల కరెంటును తీసుకోదు. ఈ సీమలో వాన రాకపోయినా అంట్ల నీళ్లు మాత్రం రోజూ పడతాయి.

ఆ అలవాటే ఆయన కొంప ముంచింది. సర్టిఫికెట్ ఉంటేనే పని అని కంపెనీ చెప్పాక ఒంగోలు పోయి పరీక్ష రాశాడు. రాతలో గట్టెక్కాడు. తర్వాత ఒక ఇంటి బొమ్మ ముందు పెట్టి గుంత ఎక్కడో గుర్తు పెట్టమన్నారు. యోబు బొమ్మంతా వెతికాడు.

“సార్, ఈ ఇంట్లో అంట్లు యాడ తోముతారు?”

వాళ్లు నవ్వి సున్నా వేశారు. రెండోసారి నోరు మూసుకోవాలని ఒట్టు పెట్టుకుని మరీ వెళ్లాడు. బొమ్మ చూడగానే మళ్లీ అదే అడిగాడు.

సర్టిఫికెట్ లేనివాళ్లకు కంపెనీ ఇచ్చిన గడువు ఇవాళ్టితో సరి. రేపటి నుంచి ఆయన ఏ మిద్దే ఎక్కకూడదు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. పన్ను పీకించుకున్న చిగురులా లోపలంతా మొద్దుబారింది. మధ్యాహ్నం తిన్న అన్నంలో ఉప్పుందో లేదో కూడా తెలియలేదు.

ఆయన దగ్గరే పని నేర్చుకున్న హేమలతకు సర్టిఫికెట్ వచ్చింది. ఇప్పుడు పని కాగితాల మీద సంతకం ఆమెదే. ప్లాను కాగితం పట్టుకుని గుంత దగ్గర నిలబడింది.

“చిన్నాయనా, ప్లాన్‌లో గేటు పక్కనే ఉంది. నేనేం చేసేది?”

“తెలుసులేమ్మా. ఆడనే తవ్వినా గదా.”

తడి నిలిచేలా ఉప్పూ బొగ్గూ వేసి గుంత పూడ్చాక ఇంటావిడను పిలిచాడు.

“అక్కా, రోజూ ఒక బిందె నీళ్లు ఈడ పొయ్యి. మర్చిపోవద్దు.”

ఎన్నాళ్లు పోయాలని ఆమె అడిగింది.

“పలకలు ఉన్నన్నాళ్లు.”

పని ముగిసినట్టు సర్కారు పోర్టల్‌కు ఫోటో కావాలని ముగ్గురూ మిద్దె ఎక్కారు. పలకల పక్కన సర్టిఫికెట్ ఉన్నవాళ్లే నిలబడాలి. ఆ మాట ఎలా చెప్పాలా అని హేమలత తంటాలు పడుతుండగానే యోబు మెట్లు దిగిపోయాడు. పోయొస్తానని అందరికీ చెప్పాడు. యర్రగొండపాలెం బస్సు వచ్చి ఆయన్ని ఎక్కించుకుని పోయింది.

వెంకటసుబ్బులమ్మ ఫోను పట్టుకుని హేమలత చూపించిన చోట నొక్కింది. పోర్టల్ ఫోటోను ఒప్పుకుంది. పంపేశాక హేమలత దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసింది. నిగనిగలాడే పలకలు, వాటి పక్కన తాను, వెనక పిట్టగోడ మీద యోబు ఆరేసి మరిచిన తువ్వాలు.