అక్క దగ్గు

సిస్టరక్క రిటైరైన మూడో రోజున, పెద్ద డాక్టరుగారికి ఆపరేషన్ థియేటరు బోసిగా కనిపించింది. ముప్పై ఏళ్లు ఆయన అడగకముందే పనిముట్టు చేతిలో పెట్టిన మనిషి మరి. ఇప్పుడా చోట కొత్త నర్సు బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

బల్లమీద మూడేళ్ల బుజ్జి మత్తులో ఉంది. పుట్టినప్పటినుంచీ ఏమీ వినపడదు. చెవి వెనక ఎముకను తొలిచి, లోపలి చెవిలోకి వినికిడి తెప్పించే సన్నటి తీగ పంపించాలి.

పూర్వం ఈ ఆపరేషనంటే సగం తల గొరిగి, చెవి చుట్టూ జానెడు కోత కోసేవారు. మొదటి కేసులో తల్లి ఆ అరగుండు చూసి, "రెండోపక్క కూడా గీసెయ్యండి బాబూ, జత కుదురుతుంది" అంది ఏడుస్తూనే. అక్క మాస్కు వెనక నవ్వాపుకోలేక చచ్చింది. ఇప్పుడు రెండు వేళ్ల వెడల్పున జుట్టు తీస్తే చాలు, కోత చెవి వెనక మడతలో కలిసిపోతుంది. అంతా సుఖమే. అయినా ఆ పాత రోజులమీదే ఆయనకు బెంగ.

డ్రిల్లు అందుకున్నారు. ఎముక పలచబడితే డ్రిల్లు శబ్దం సన్నగా కీచుమంటుందని, అక్కడ ఆగాలని ఆయన గురువు నేర్పారు. పక్కనే ముఖాన్ని కదిలించే నరం. దానికి దెబ్బ తగిలితే పిల్ల నవ్వు జీవితాంతం ఒక పక్కకే. నరాన్ని కనిపెట్టే మిషను ఉన్నా, అది కూసేసరికే ఆలస్యం కావచ్చు.

తొలుస్తున్నారు. ఏదో వెలితి. ఈపాటికి అక్క దగ్గాలి కదా! ప్రతి కేసులో సరిగ్గా ఇక్కడే దగ్గేది. "నీ దగ్గుకి మందు రాస్తానుండు" అని ఆటపట్టిస్తూ ఆయన డ్రిల్లు ఆపేవారు.

ఆయన చెయ్యి ఠక్కున ఆగిపోయింది. మైక్రోస్కోపులో చూస్తే ఎముక ఉల్లిపొరంత మిగిలింది, దాని వెనక నరం తెల్లగా కనిపిస్తోంది.

"శబ్దం మారిందా అమ్మాయ్?" అని పక్కన సాయం చేస్తున్న జూనియర్ డాక్టరమ్మను అడిగారు.

"ఇందాకే మారింది సార్. మీకు తెలుసనుకున్నా."

డ్రిల్లు ఆమె చేతికిచ్చి పక్కకు జరిగారు. తీగ క్షేమంగా లోపలికి వెళ్లింది.

బయటికొచ్చి అక్కకు ఫోన్ చేశారు.

"ఎన్నాళ్లనుంచి దగ్గుతున్నావక్కా?"

"ఆరేళ్లయింది. శబ్దం మారినా మీరాగట్లేదని ఓసారి దగ్గాను. ఆగారు. చెబుదామంటే మీ మొహం చూసి నోరు రాలేదు. వెళ్లేరోజైనా చెప్పాలనుకున్నా. మీరు మైకు పట్టుకుని గంటసేపు నన్నే పొగిడితిరి! పిల్ల ఎలా ఉంది సార్? ఇవాళ కేసుందని తెలిసి పొద్దున్నించీ కాలు నిలవట్లేదు."

"బాగుంది. తప్పు నీదీ ఉంది, నాదీ ఉంది. ఊళ్లోవాళ్ల చెవులన్నీ చూశాను, నావి చూసుకోలేదు."

ఆ సాయంత్రమే పరీక్ష చేయించుకున్నారు. సన్నటి శబ్దాలు సగానికి సగం వినపడట్లేదని తేలింది. డ్రిల్లు మళ్లీ ముట్టలేదు.

మూడు వారాలకు, బుజ్జి చెవికి పెట్టిన వినికిడి మిషను మొదటిసారి ఆన్ చేసే రోజున, అక్కను పట్టుబట్టి పిలిపించారు. పేరు పెట్టి పిలవాల్సిన తల్లి ఏడుపు తన్నుకొచ్చి కొంగులో ముఖం దాచుకుంది. అక్కకూ ఏడుపొచ్చి, అది ఆపుకోబోతూ దగ్గింది.

బుజ్జి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. అక్కను తేరిపార చూసింది. లేచి వెళ్లి ఆవిడ గొంతుమీద చెయ్యి పెట్టి, మళ్లీ అనమన్నట్టు తట్టింది.

అక్క మళ్లీ దగ్గింది. బుజ్జి నవ్వింది. డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు. ఆ నవ్వు రెండు పక్కలా సమానంగా ఉంది.