గంజి పెట్టిన టీషర్టులు

కొత్త బట్ట ఏదైనా సరే, గంజి పెట్టకుండా కూర్మమ్మ ఒంటిమీద వేసుకోదు, ఇంట్లో ఇంకెవరినీ వేసుకోనివ్వదు. చీరకి గంజి, లుంగీకి గంజి, ఆఖరికి మనవరాలి జడ రిబ్బనుకి కూడా గంజే. ఆ అలవాటు కళింగపట్నంలో ఒక రోజల్లా ఆమె కోడలు గౌరి ప్రాణం తోడేసింది.

సంగతేమిటంటే, బీచ్ పండగలో ఆడవాళ్ళకి తాడు లాగే పోటీ పెడతారు. నిరుడు కూర్మమ్మ ఏడుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని వెళ్ళింది. అందరూ చేపలమ్ముకునేవాళ్ళే, బుద్ధెరిగినప్పటినుంచీ పడవ మోకులూ వల తాళ్ళూ లాగిన చేతులే. పేర్లు రాసుకునే బల్ల దగ్గరున్నాయన తలెత్తి ఒక్కసారి చూసి, "జట్టందరికీ ఒకేరకం బట్టలుండాలి, వీపుమీద పేర్లుండాలి. ఈ రంగురంగుల చీరలతో కుదరదు, పక్కకి జరగండమ్మా" అన్నాడు. జరిగారు. తాడు ఎలా పట్టుకోవాలో కూడా తెలియని జట్టు కప్పు పట్టుకుపోతుంటే ఎండలో నిలబడి కళ్ళారా చూశారు. ఆ వారమంతా కూర్మమ్మ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అంత నోరున్న మనిషి నోరు మూసుకునేసరికి ఇంటిల్లిపాదికీ బెంగ పట్టుకుంది.

అందుకే ఈ ఏడు గౌరి మాటిచ్చేసింది.

"బట్టల సంగతి నాకొదిలీ అత్తా. ఈపుమీద పేర్లు నానేస్తాను."

ఊరివాళ్ళకి ఆధార్ జిరాక్సులు తీసిచ్చే చిన్న ప్రింటరు గౌరి ఇంట్లో ఉంది. ట్రాన్స్‌ఫర్ పేపరని ఒకటి ఆన్‌లైన్లో దొరుకుతుంది. దానిమీద పేరుని అద్దంలో కనబడినట్టు తిరగేసి ప్రింటు తీసి, బట్టమీద బోర్లా పెట్టి వేడి ఇస్త్రీపెట్టెతో అదిమితే, కాగితం ఊడొస్తుంది, అక్షరాలు బట్టనంటుకుని ఉండిపోతాయి. కూతురు ఉషకి స్కూలు ఆటలప్పుడు పాత టీషర్టుమీద అలాగే వేసింది. ఎన్ని ఉతుకులు ఉతికినా చెక్కు చెదరలేదు. ఇంకేం, ఎనిమిది తెల్లటి టీషర్టులు, పది కాగితాలున్న కట్ట ఒకటి తెప్పించింది. టీషర్టులు ముందే వచ్చాయి గానీ, కాగితాల కట్ట ఎక్కడెక్కడ తిరిగిందో, పోటీ రేపనగా చేతికందింది.

అందగానే ఆ పొద్దుటే మొదటి టీషర్టు పరిచి జట్టులోని తాయారు పేరు వేసింది. కాగితం లాగితే అక్షరాలు కూడా కాగితంతో పాటే లేచొచ్చాయి. బట్టమీద 'తా' ఒక్కటే, అదీ సగం. వేడి చాల్లేదనుకుని రెండోది ఇంకాస్త అదిమి పట్టింది. అదీ అంతే. కట్టలో ఇక ఎనిమిది కాగితాలున్నాయి, మనుషులూ ఎనిమిదిమందే. గౌరి కాగితాలు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంది. ఉష టీషర్టుకి అతుక్కున్నది వీటికెందుకు అతుక్కోదు? రేపు ఆ బల్ల దగ్గర అత్తని మళ్ళీ పక్కకి జరగమంటారన్న తలంపుకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పెట్టెదే లోపమేమోనని టీషర్టులన్నీ చంకన పెట్టుకుని మెయిన్ రోడ్డుమీద ఇస్త్రీ బండి పెట్టుకున్న అప్పలసూరి దగ్గరికి పరుగెత్తింది. ముప్పయ్యేళ్ళుగా బొగ్గుల పెట్టె తోస్తున్న మనిషి. గౌరి చెప్పింది విననైనా వినకుండా టీషర్టు అంచుని రెండు వేళ్ళమధ్య నలిపాడు.

"దీనికి గంజెవులెట్టినారు?"

"గంజేటి మావా, కొత్తవి కదా."

"నా ఏళ్ళు అబద్ధం సెప్పవు. నీ అక్షరాలు గంజి పొరనంటుకున్నాయి, బట్టనంటుకోనేదు. మరింకెలాగుంటాయి?"

గౌరి ఇంటికెళ్ళి అడిగితే కూర్మమ్మ దాపరికం లేకుండా ఒప్పేసుకుంది. "కొత్త బట్టలు కదేటే. నలుగురిలోకెల్లేవి పెళపెళలాడాలని నానే ఎట్టినాను. తప్పా?"

గౌరి కోపంతో నాలుగు దులుపుదామనే అనుకుంది గానీ, ఆ మొహం చూశాక మనసొప్పలేదు. పేరున్న బట్ట తొడుక్కోవాలని ఏడాదిగా కాచుకున్న మనిషి, ఉన్నదాంట్లో తనకి తెలిసిన గొప్ప మర్యాదే చేసింది మరి. "తప్పు కాదత్తా. ఏణ్ణీళ్ళు పెట్టు" అంది.

ఎనిమిదింటినీ వేడినీళ్ళలో నానబెట్టి జిగురంతా, దాంతోపాటే ఆ సగం 'తా' కూడా పోయేదాకా మూడుసార్లు జాడించారు. ఆరెయ్యడానికి చోటేదీ? ఇసకలో కట్టిన తడికలనిండా చేపలు ఎండుతున్నాయి. కూర్మమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చేపలన్నీ బుట్టల్లోకి దులిపేసింది. "సేపలు రేపెండుతాయిలే" అంది. ఆ ఇంట్లో అలాంటి మాట అంతకుముందు ఎవరూ విని ఉండరు.

మూడు గంటలకి ఎండిన టీషర్టులూ, ప్రింటు తీసిన ఎనిమిది కాగితాలూ పట్టుకుని ఇద్దరూ ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళారు. ఇంట్లో కరెంటు పెట్టె కన్నా సూరి పెట్టె బరువు నాలుగింతలు. దాన్ని చెంప దగ్గరికి తెచ్చి వేడి చూసుకున్నాడు. రెండో చెయ్యి అలవాటుకొద్దీ నీళ్ళ సీసామీదికి పోయింది. గౌరి గబుక్కున మణికట్టు పట్టేసుకుంది.

"నీల్లొద్దు మావా. సుక్క పడితే పేరు పోతాది."

"నీల్లు జల్లకండా ఇస్తిరేటమ్మా?"

"తొయ్యకూడదు కూడాను. ఒకే సోట అదిమి అట్టే ఉంచాల."

సూరి ఆమెని ఎగాదిగా చూశాడు. ముప్పయ్యేళ్ళ పనిలో అతనికి పాఠం చెప్పినవాళ్ళు లేరు. సీసాని బండి కిందకి తోసేశాడు. "ముందెవరిది?"

"మా అత్తది. పోతే మాదే పోతాది."

సూరి రెండు చేతులా అదిమి పట్టాడు. గౌరి ఇరవై దాకా లెక్కపెట్టింది. చల్లారాక కాగితం మూల పట్టుకుని మెల్లగా లాగింది. ఎర్రటి పెద్దక్షరాలతో కూర్మమ్మ పేరు పూర్తిగా బట్టమీదే ఉంది. గౌరి గోరుతో గీరి చూసింది, కదల్లేదు. చదువు రాని కూర్మమ్మ ఆ అక్షరాలకేసి చాలాసేపు చూసి, "ఇంత పెద్దదేటే నా పేరు" అంది. మిగతా ఏడూ పొద్దు గూకేలోగా అయిపోయాయి. సూరి కూలి పుచ్చుకోలేదు.

మర్నాడు బల్ల దగ్గర అదే మనిషి. పైట చెంగులు లోపలికి దోపి, చీరలమీద టీషర్టులు తొడుక్కుని ఎనిమిదిమంది ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. "ఓసారి తిరగండమ్మా" అన్నాడు. తిరిగారు. వీపులు చూసుకుంటూ ఎనిమిది పేర్లూ రాసుకున్నాడు. పక్కకి జరగమనలేదు.

ఇక ఆ పోటీ గురించి చెప్పేదేముంది? అవతలివాళ్ళు బూట్లేసుకొచ్చారు. వీళ్ళు కాలివేళ్ళు ఇసకలో పాతేసి, పడవ లాగే హైలెస్సా అందుకున్నారు. మొదటి పట్టు రెండు నిమిషాల్లో అయిపోయింది. రెండోదానికి అవతలి జట్టు బాగానే కాసుకుంది. సరిగ్గా అప్పుడు వెనక జనంలోంచి ఎవరో వీపు చదివి, "కూర్మమ్మా, లాగు" అన్నారు. ఇంకొకరందుకున్నారు. క్షణాల్లో ఒడ్డంతా ఆ పేరే. తాడు మొత్తం ఇవతలికి వచ్చి పడింది, అవతలివాళ్ళతో సహా.

కప్పు చంకన పెట్టుకుని రొప్పుతూ కూర్మమ్మ అడిగింది. "ఈలందరికీ నా పేరెలాగ తెలిసిందే?"

"నీ ఈపుమీదున్నాది కదత్తా."

కూర్మమ్మ చెయ్యి వెనక్కి పెట్టి తడుముకోబోయింది, అందలేదు. గౌరి ఆ చెయ్యి పట్టుకుని అక్షరాల దాకా తీసుకెళ్ళింది. చెమటకి తడిసినా ఒక్కటీ ఊడలేదు.

ఆ మర్నాడు కూర్మమ్మ చేపల బుట్ట నెత్తినెత్తుకుని అదే టీషర్టుతో శ్రీకాకుళం బస్సెక్కింది. ఎవరెన్ని చెప్పినా విప్పలేదు. ఇరవయ్యేళ్ళుగా చేపలిస్తున్న ఇళ్ళే. అన్ని గుమ్మాల్లోనూ ఆమె పేరు 'చేపలూ' అనే. మొదటింటావిడ కొనుక్కుని తలుపు వేసుకోబోతూ, వెళ్ళిపోతున్న వీపుకేసి చూసి ఆగింది.

"కూర్మమ్మా, రేపు వంజరం ఉంటే తే" అంది.

కూర్మమ్మ వెనక్కి తిరగలేదు, వీపు ఇంకాసేపు కనబడాలని. "తెస్తానమ్మా" అని నెమ్మదిగా మెట్లు దిగింది.