జనం మింగేసిన మాట

శుభ శుక్రవారం నాడు చదివే యేసు శ్రమల పాఠంలో కుట్టుపని చేసే ఆవిడకు ఈసారి జనం పాత్ర పడింది. ఆ చర్చిలో ఆ రోజు ప్రసంగం చిన్నది, పాఠం పెద్దది. దాన్ని పంచుకుని చదువుతారు. కథ చెప్పేది ఒకరు, యేసును విచారించిన గవర్నరు మాటలు ఇంకొకరు, యేసు మాటలు పాస్టరు అయ్యగారు. కేకలు వేసే జనం మాత్రం ఎనిమిది మంది. వాళ్లకున్నవి నాలుగే ముక్కలు.

తేలికేలే అని ఆవిడ ఒప్పుకుంది. చదివింది ఏడో తరగతి. ఎనిమిది మందిలో ఒకరు తడబడితే ఎవరికి తెలుస్తుంది? ఇంటికొచ్చి కుట్టు మిషను మీద కాగితం పరిచి, వేలు పెట్టి చదువుకుంటూ పోయింది. నాలుగో ముక్క దగ్గర వేలు ఆగిపోయింది. యేసును చంపిన పాపం తగిలితే తగలనీ అన్నట్టు, ఆయన రక్తం మా మీద, మా పిల్లల మీద ఉండనీ అని జనం అరవాలట.

ఆవిడకు ఒక్కతే కూతురు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నడుముకు బెల్టు బిగించుకుని పదేసి అంతస్తుల గోతిలో వేలాడే పని. ఆ పిల్ల ఫోనెత్తడం రెండు నిమిషాలు ఆలస్యమైతే చాలు, తల్లి ఆస్పత్రి దాకా వెళ్లి, డాక్టరు కాళ్ల మీద పడి, ఏడ్చి తిరిగొచ్చేస్తుంది. అదీ కుర్చీలోంచి లేవకుండానే. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఈవిడ సగం సామెతతోనే బతుకు వెళ్లదీస్తోంది.

"ఏంటమ్మా, కాగితం వంక పామును చూసినట్టు చూస్తున్నావు?" అంది కూతురు, టీ గ్లాసు పట్టుకుని వచ్చి.

"ఏం లేదు. రేపు ఎన్నో అంతస్తు?"

"పన్నెండు."

"బెల్టు చూసుకున్నావా?"

"నువ్వు మూడుసార్లు చూశావుగా. ఇంక నేనెందుకు?"

తల్లి సంగతి చెప్పలేదు. చెబితే నవ్వుతుంది. నవ్విన మర్నాడు ఏదన్నా అయితే? చర్చిలో, అదీ అలాంటి రోజున, కన్నబిడ్డ మీదకు రక్తం పిలుచుకున్న నోరు ఏమైపోవాలి? చివరికి ఒక ఉపాయం తోచింది. "మా మీద" అని గట్టిగా అనాలి. పిల్లల మాట దగ్గర పెదవులు కదిపి ఊరుకోవాలి.

మంగళవారం సాయంత్రం చర్చి వెనక గదిలో అందరూ ఒకసారి చదివి చూసుకున్నారు. చదివించేది ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన పెద్దమనిషి. ఆయన్ని అందరూ దిద్దుడు మాస్టారంటారు. మూడు ముక్కలు బాగానే వెళ్లాయి. నాలుగోది "మా మీద" దాకా గది దద్దరిల్లింది. ఆ తర్వాత ఒక్క గొంతే మిగిలింది. అది బేకరీ ఆయనది, పెళ్లీ పెటాకులూ లేని మనిషి. తన గొంతే గోడకు కొట్టుకుని తిరిగొచ్చేసరికి బెదిరిపోయాడు.

"ఏంటండీ, నడిమధ్యలో నన్నొక్కణ్ణే వదిలేశారు?"

"మీకేం బాబూ, పిల్లల్లేరు. ఎంతైనా అరుస్తారు," అంది జనంలో ఉన్న ఆస్పత్రి నర్సమ్మ.

"అంటే మీరూ మింగేశారా?" అన్నాడు ముగ్గురాడపిల్లల తండ్రి, స్కూలు వ్యాను డ్రైవరు. అనేసి నాలుక కరుచుకున్నాడు.

మాస్టారు కళ్లజోడు తీశాడు. "ముప్పయ్యేళ్లు ప్రూఫులు దిద్దాను. ముక్క ఎగిరిపోవడం మామూలే. ఏడుగురు, ఒకరికి తెలియకుండా ఒకరు, అదే ముక్క ఎగరగొట్టడం ఇదే చూడ్డం. ముందు పేజీకి వెళ్లండి. అమ్మా, కడరాత్రి భోజనంలో గిన్నె పట్టుకుని యేసు ఏమన్నాడో మీరు చదవండి."

ఆవిడ వేలు పెట్టి చదివింది. ఇది నా రక్తం, అనేకుల పాపాలు క్షమించడానికి చిందుతోంది.

"రక్తం ఎవరిది?"

"ఆయనదే."

"దేనికన్నాడు?"

"క్షమించడానికి."

"మరి జనం అడిగిన రక్తం?"

మాస్టారే కాగితాన్ని మళ్లీ నాలుగో ముక్క దగ్గరకు తిప్పాడు. 

"వాళ్లు శాపాన్ని నెత్తికెత్తుకుంటున్నాం అనుకున్నారు. ఆ రక్తంలో శాపం లేదు. వాళ్లకూ వాళ్ల పిల్లలకూ క్షమాపణే ఉంది. ఆ సంగతి వదిలేసి, ఈ ఒక్క ముక్క పట్టుకుని ఆ జనం పుట్టిన జాతి జాతినే తరతరాలు ఏడిపించారు. అందుకే దీన్ని మనచేత చదివిస్తారు, ఇంకొకరి మీదకు తోసెయ్యకుండా."

"అర్థమైందండీ," అంది ఆవిడ. కాగితం మడుస్తూ మళ్లీ అంది. "కానీ మా అమ్మాయి పన్నెండో అంతస్తులో ఉంటుంది కదండీ."

ఎవరూ నవ్వలేదు.

"బెల్టు సంగతి నాకు తెలీదమ్మా. ఈ ముక్క సంగతే తెలుసు. అనలేకపోతే వదిలెయ్యండి, నేనేమీ అనుకోను," అన్నాడు మాస్టారు.

శుక్రవారం చర్చిలో పూలు లేవు. బల్ల మీద ఆవిడ అంచు కుట్టిన నల్లగుడ్డ పరిచి, ఒక చివర ప్రభు భోజనపు గిన్నె పెట్టారు. కూతురు మూడో బెంచీలో కూర్చుంది. సెలవైనా పిలుపు రావచ్చని పని బట్టల్లోనే వచ్చింది. పాఠంలో గవర్నరు తనకు సంబంధం లేదని చేతులు కడుక్కోవడం అయింది. జనం వంతు వచ్చింది.

"మా మీద" అంది ఆవిడ, అందరితో పాటు. ఆపైన కూతురి వంక చూసింది. గోళ్లలో నల్లటి గ్రీజు కనిపించింది. గొంతు ఆగింది. తక్కిన ఏడుగురూ ఈసారి మింగకుండా అనేసి ఊరుకున్నారు.

 ఇప్పుడు మానేసినా ఎవరికీ తెలియదు.

"మా పిల్లల మీద," అంది ఆవిడ, ఒక్కతే. బల్లకు ఆ చివరున్న గిన్నె వంక చూస్తూ అంది.

కథ చెప్పేవాడు కొంచెం ఆగి అందుకున్నాడు.

బయట మెట్ల దగ్గర కూతురు చెప్పులు వేసుకుంటూ అడిగింది. "ఏమ్మా, అందరూ అయిపోయాక నువ్వొక్కదానివే మిగిలావు? తడబడ్డావా?"

"లేదే. ముందు పేజీ తలుచుకుని వచ్చేసరికి ఆలస్యమైంది."

కూతురికి అర్థం కాలేదు. ఈలోగా ఫోను మోగింది. ఎక్కడో లిఫ్టు మధ్యలో ఆగిపోయిందట. బండి డిక్కీలోంచి బెల్టు తీసి నడుముకు బిగించుకుంది.

తల్లి ఆ కట్టు ఒకసారి లాగి చూసింది. రెండోసారీ లాగింది. మూడోసారి చెయ్యి ముందుకు వెళ్లింది గానీ, బెల్టు మీద పడలేదు. కూతురి చొక్కా గుండీ ఒకటి విడిపోయి ఉంటే పెట్టింది.

"వెళ్లిరా," అంది.