నేను మోగినంతసేపే ఉపన్యాసం

నేను ఒక సెంటు నాణేన్ని. డాలరులో నూరో వంతు. రోడ్డు మీద పడి ఉంటే, నన్ను చూసినవాడికి వంగడానికి ముందే నడుం నొప్పి గుర్తొస్తుంది. అంతటి విలువ నాది. అయినా నగర కౌన్సిల్ సభ్యుడొకడి నోరు మూయించిన ఘనత నాకుంది. నా జాతిలో ఇంకెవరికైనా ఉంటే చెప్పండి, వింటాను.

డెన్వర్ టంకశాలలో పుట్టాను. ఒకవైపు గడ్డం పెద్దాయన బొమ్మ వేసి, పైన దేవుణ్ణి నమ్ముతున్నామని రాశారు. నన్ను పట్టుకున్నవాళ్ళలో దేవుణ్ణి నమ్మినవాళ్ళు కొందరు ఉన్నారు గాని, నన్ను నమ్మినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక మంగలి సొరుగులో ఏడాది పడి ఉన్నాను. ఒక లాయరుగారి బూటు కింద నలిగాను. పెళ్ళికాని ఒక పెద్దమనిషి నన్ను ఫౌంటెన్‌లోకి విసిరి ఇల్లు, ఇల్లాలు, ప్రమోషను మూడూ కోరాడు. ఒక్క సెంటుకి ఎన్ని కావాలండీ మనిషికి!

తిరిగి తిరిగి టెక్సాస్‌లో ఒక నగరం చేరాను. ఆ ఊరికి పడమటి వైపు పేటల్లో మెక్సికన్ కుటుంబాలు మూడు తరాలుగా ఉంటున్నాయి. అక్కడ దోన్యా ఎలోయిసా చేతికి చిక్కాను. దోన్యా అంటే మన అమ్మగారు లాంటి మాట. బడి వంటశాలలో పని చేసే ఆవిడ నన్ను ఉప్పు, నిమ్మరసం పెట్టి తోమి, నడుమెత్తు గిన్నె అడుగున పడేసింది.

అది తమాలేల గిన్నె. మొక్కజొన్న పిండిలో మాంసం కూరి, పొత్తు రేకుల్లో చుట్టి, ఆవిరి మీద ఉడికిస్తారు. పనసాకుల్లో ఉడికించే మీ పొట్టిక్కల్లాంటివే. మూత తీస్తే ఆవిరి పోతుంది కాబట్టి, అడుగున నీళ్ళున్నాయో లేదో తెలియడానికి నాణెం వేస్తారు. నీళ్ళు మరుగుతున్నంతసేపూ నేను టకటకమంటాను. ఊరుకున్నానంటే నీళ్ళు అయిపోయినట్టు. గిన్నెలన్నిటికీ ఇలాంటి నౌకరు ఒకడుంటాడు, నేనేమీ ప్రత్యేకం కాదు. నన్ను ప్రత్యేకం చేసింది ఎలోయిసా.

వానొస్తే ఆ పేటలో వాగు ఇళ్ళలోకి వచ్చేది. ఉత్తరం వైపు డబ్బున్నవాళ్ళ పచ్చిక బయళ్ళకు కూడా మురుగు కాలువలున్నాయి, వీళ్ళకు మాత్రం లేవు. ఎలోయిసా భర్త దోన్ ఎవారిస్తోకి, అంటే ఎవారిస్తోగారికి, మాంసం ఫ్యాక్టరీ ప్రమాదంలో కాళ్ళు పోయాయి. నీళ్ళు రాగానే నలుగురు పక్కింటివాళ్ళు ఆయన్ని కుర్చీతో సహా ఎత్తుకొని చర్చి హాలుకు పరిగెత్తేవాళ్ళు. పోయినసారి ఒకడి కాలు జారి, ఆయన బురదనీళ్ళలో బోర్లా పడ్డాడు. ఊపిరితిత్తులు పాడై నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంకోసారి ఇలా జరిగితే బతకడని డాక్టరు చెప్పేశాడు. ఆ రోజు నుంచి ఎలోయిసాకు కాలువ తప్ప వేరే ధ్యాస లేదు.

చర్చి హాలులో మీటింగులు పెట్టింది. అధికారులు వచ్చారు, రెండేసి గంటలు మాట్లాడారు. జనం షిఫ్టుకు టైమైపోయి లేచిపోయారు. అవునా, కాదా అన్నది తేలేదే కాదు. అప్పుడు ఎలోయిసా ఒక రూలు పెట్టింది. మీటింగులో గిన్నె పొయ్యి మీద ఉంటుంది. నేను మోగినంతసేపే ఎవరైనా మాట్లాడాలి. మొదట బలైంది పక్కింటి సొలెదాద్. కాలువ గురించి మొదలుపెట్టి అల్లుడి తాగుడు దగ్గరికి వచ్చేసరికి నేను ఆగిపోయాను. వారం రోజులు ఆవిడ ఎలోయిసాతో మాట్లాడలేదు.

కొత్త కాలువల జాబితా మీద కౌన్సిల్ మంగళవారం ఓటు వేయాలి. దానికి ముందు ఆదివారం, ఆ పేట సభ్యుడు విటేకర్ హాలుకు వచ్చాడు. ఆ రోజు ఎలోయిసా రెండు గ్లాసుల నీళ్ళు తక్కువ పోసింది. ఎవరూ గమనించలేదు. నాకు తెలుసు, అందులో ఉన్నది నేనేగా.

విటేకర్ తన తాతగారి వ్యవసాయంతో మొదలుపెట్టి, ప్రణాళికా సంఘం మీదుగా వచ్చి, ఈ పేట వంట అంటే తనకెంత ఇష్టమో చెప్పేలోపు నేను ఆగాను.

"గిన్నె ఆగింది సార్," అంది ఎలోయిసా.

"ఒక్క నిమిషమమ్మా, ఇంకా అసలు విషయానికి రాలేదు."

"మేమూ అదే అనుకుంటున్నాం. ఈ కాయితం మీద కాలువకి ఒప్పుకున్నట్టు సంతకం పెడతారా, పెట్టరా?"

పరిశీలించాలన్నాడు. నిపుణులన్నాడు. ఈలోగా గిన్నెలోంచి కమురు వాసన లేచింది. ఇరవై డజన్ల తమాలేలు, శనివారమంతా కూర్చొని పదిమంది ఆడవాళ్ళు చుట్టినవి.

"వదినా, మాడిపోతున్నాయే! నీళ్ళు పొయ్యవే తల్లీ!" అని అరిచింది సొలెదాద్.

ఎలోయిసా చేతిలో నీళ్ళ చెంబు ఉంది. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ చేతిలో ఒక్క తమాలే మాడలేదు.

"పోస్తా. ముందు ఆయన్ని చెప్పనీ."

అంతే, అప్పటిదాకా ఆయనకు కాఫీలందించిన ముసలమ్మలంతా ఒక్కసారి లేచారు. "నీవల్లే మాడుతున్నాయి, చెప్పి చావవయ్యా!" అని ఒకావిడ చేతికర్ర ఆడించింది. పదేళ్ళు ఇళ్ళు మునిగితే రాని కోపం తమాలేలు మాడితే వచ్చింది. మనుషుల్ని నేను అర్థం చేసుకోవడం మానేసింది ఆ రోజే. విటేకర్ సంతకం పెట్టాడు. మంగళవారం మాట తప్పలేకపోయాడు, కాయితం నకలు అప్పటికే ప్రతి తలుపు మీదా అతికించి ఉంది. కాలువ జాబితాకెక్కింది.

నేను మాత్రం నల్లగా కమిలిపోయాను. గడ్డం పెద్దాయన మొహం ఇప్పుడు ఎవరూ గుర్తుపట్టలేరు. కాలువ రెండేళ్ళకు పూర్తయింది. ప్రారంభోత్సవానికి వేసిన కంచు పలక మీద విటేకర్ పేరుంది, ఎలోయిసా పేరు లేదు. కంచులో సగానికి పైగా రాగే, నేనూ రాగి నాణేన్నే, అంటే ఆ పలక నాకు బంధువు. ఇలాంటి బంధువులు ఎవరికి లేరు లెండి.

ఆ తర్వాత అక్టోబరులో ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. నేను ఎలోయిసా ఏప్రన్ జేబులో ఉన్నాను. అలవాటు ప్రకారం ఆ నలుగురూ రబ్బరు బూట్లేసుకొని పరిగెత్తుకొచ్చి కుర్చీ పట్టుకున్నారు. ఎలోయిసా గడపలో నిలబడి వీధి వంక చూస్తోంది. నీళ్ళు వీధి చివర కాలువలోకి దిగి పోతున్నాయి. గంట గడిచినా గడప తడవలేదు.

"కుర్చీ ఎత్తకండ్రా," అన్నాడు ఎవారిస్తో. "కిటికీ దగ్గరికి జరపండి చాలు."

"ఎందుకు దోన్?"

"వాన చూస్తా. ఇన్నేళ్ళూ దాన్ని చూసి పరుగే గాని, అదెట్లా కురుస్తుందో చూసిన పాపాన పోలేదు."

జరిపారు. బూట్లు విప్పకుండానే నలుగురూ ఆయన వెనక నిలబడ్డారు. ఎలోయిసా కళ్ళు తుడుచుకొని ఒక స్టూలు లాక్కొని పక్కన కూర్చుంది. "బానే ఉంది కదూ," అంది.