గంట కొట్టని రోజు

అరచెయ్యి మండుతోంది.

పొద్దున కూతుర్ని కొట్టిన చెయ్యి. ఎండ నడినెత్తికి వచ్చినా మంట తగ్గలేదు. ఇసుక మీద నెత్తళ్ళ చేపలు ఎండుతున్నాయి. ఉప్పుగాలి మొహాన కొడుతోంది. దేముడమ్మ కొంగు నడుముకు బిగించి బడివైపు నడుస్తోంది... గబగబా.

ఈరోజుతో దేవి చదువు సరి.

అయిదో తరగతి చాలు. పదేళ్ళ పిల్లకు ఇంకెంత కావాలి? అత్త తాతమ్మ తేల్చి చెప్పేసింది — “గుంటని బడి మానిపించీ. గంప నెత్తినెట్టీ. పెశ్నలు అవే పోతాయి.”

ప్రశ్నలు!

రాజాం నుంచి వచ్చే భాస్కర్ మాస్టారు అంటించాడు ఈ జబ్బు. వారానికోసారి పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెడతాడట. పుస్తకం తియ్యనివ్వడట. ఎందుకని అడగమంటాడట. జవాబు మాత్రం తను చెప్పడట! జీతం తీసుకుని జవాబు చెప్పని మాస్టారు ఎక్కడైనా ఉంటాడా?

మొన్న దేవి, వాళ్ళ పెదనాన్న ఎల్లాజీ తెప్ప ఎక్కి కూర్చుంది. ఆడది తెప్ప ఎక్కకూడదు. ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకైనా తెలుసు. మర్నాడు ఎల్లాజీ వల చిరిగి వచ్చింది. ఇవాళ పొద్దున గుమ్మం ముందు నిలబడి, వీధంతా వినేట్టు అన్నాడు.

“తల్లి పోలిక ఎక్కడికి పోతాది?”

తల్లి పోలిక.

దేముడమ్మ చెయ్యి లేచింది. ఎల్లాజీ మీదికి వెళ్ళాల్సిన చెయ్యి. పిల్ల చెంప మీద పడింది.

దేవి ఏడవలేదు. “నా వల్లే సిరిగిందని ఎలాగ తెలిసిందమ్మా?” అంది.

రెండోది పడింది. పిల్ల సంచీ తీసుకుని బడికి పరిగెత్తింది.

పదేళ్ళ కిందట... దేవి కడుపులో ఉన్నప్పుడు... మొగుడు లక్ష్ముడు అన్నం క్యారేజీ మరిచిపోతే అందించబోయింది దేముడమ్మ. అల వచ్చి తన్నింది. పడిపోకుండా తెప్పలో ఒక కాలు పెట్టింది. ఒక్క కాలు. ఆ సాయంత్రం గాలి తిరిగింది.

లక్ష్ముడు తిరిగి రాలేదు.

“కాలెట్టి తినేసినావు” అంది తాతమ్మ. పదేళ్ళుగా అంటూనే ఉంది. తెప్పలు నీళ్ళలోకి దిగే వేళ దేముడమ్మ తలుపేసుకు కూర్చుంది. పెళ్ళిళ్ళలో గోడవారకి నిలబడింది. ఒప్పుకుంది. అంతా ఒప్పుకుంది.

ఆ పేరు కూతురికి రాకూడదు. నోరు మూసుకుని బతకడం నేర్పిస్తే రాదు. అంతే ఆమె లెక్క.

బడి వచ్చింది. హుద్‌హుద్ తుఫాను తర్వాత వేసిన రేకులు ఎండకు మెరుస్తున్నాయి. వరండాలో వంటావిడ గరిటె పట్టుకుని మండిపడుతోంది.

“సూడమ్మా ఈ సోద్యం! రోజూ మజ్జాన్నం గంట కొట్టగానే సేపల ఐసు వేను వస్తాది కదా. గంట కొట్టబట్టే వస్తాదని సగం మంది గుంటలు, కాదని సగం మంది. ఇయ్యాల కొట్టకుండా సూస్తారంట! అన్నం సల్లారిపోతన్నాది.”

దేముడమ్మ కిటికీ ఊచ పట్టుకుంది. లోపల పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. గంట కొట్టలేదు.

రోడ్డు మీద హారన్ మోగింది.

“వచ్చీసింది! గంట కొట్టకపోయినా వచ్చీసింది!”

గది గదంతా లేచి గంతులేసింది. మాస్టారు నవ్వలేదు. “అయితే?” అన్నాడు. అంతే.

దేవి లేచి నిలబడింది. చెంప మీద అమ్మ వేళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

“అయితే మాస్టారూ... నాను తెప్ప ఎక్కకపోయినా ఆ వల సిరిగీదేనా?”

“సిరిగింది మా వలే” అన్నాడు ఎల్లాజీ కొడుకు బాబీ. “నువ్వెక్కింది మా తెప్పే.”

“నరేష్ వాళ్ళ వల కూడా ఆవేళే సిరిగింది కదరా. ఆ తెప్ప ఎవులెక్కినారు?”

బాబీ నరేష్ వైపు తిరిగి చూశాడు.

కిటికీ దగ్గర దేముడమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

మూడు తెప్పలు. పదేళ్ళ కిందట ఆ సాయంత్రం తిరిగి రానివి మూడు తెప్పలు! ఊరందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. కాలు పెట్టింది ఒక్కదాంట్లో. మరి ఆ రెండూ?

కోపం వచ్చింది. అత్త మీద, ఎల్లాజీ మీద, ఊరి మీద. ఈ మాస్టారి మీద — పదేళ్ళు ముందు ఎక్కడ చచ్చాడు ఈ మనిషి? అందరికంటే ఎక్కువ తన మీద. మూడు వరకు లెక్కపెట్టడం తనకు రాదా? ఎందుకు అడగలేదు? ఎందుకు?

కూతుర్ని పిలవలేదు. వెనక్కి తిరిగి, కాలే ఇసుకలో పరుగెత్తింది.

తాతమ్మ ఇంటి ముందు నెత్తళ్ళు తిరగేస్తోంది.

“అత్తా! ఆవేళ ఎన్ని తెప్పలు రాలేదు?”

“మూడు. నీకు తెలీదేటి?”

“నాను కాలెట్టింది నీ కొడుకు తెప్పలోనే. ఆ రెండూ ఎందుకు రాలేదు? సెప్పు!”

తాతమ్మ తడుముకోలేదు. తలైనా ఎత్తలేదు.

“లక్ష్మణమ్మ ఆవేళ ఇంట్లో దీపం ఆర్పీసింది. అసిరమ్మ పొద్దుగూకినాక తల దువ్వింది. ఆ ఇళ్ళల్లోనూ కోడళ్ళున్నారు కదే.”

ఎంత మామూలుగా అంది!

లక్ష్మణమ్మ ఇల్లు నాలుగు గుమ్మాల అవతల. అసిరమ్మది వీధి చివర. పదేళ్ళుగా ఎదురుపడితే ముగ్గురూ తలలు దించుకునే వెళ్ళారు. ఒకరి పాపం ఒకరికి అంటుతుందని భయం. ఒక్కరోజు... ఒక్కరోజైనా ముగ్గురూ ఒకచోట కూర్చోలేదు.

“ఎక్కడికే?” అని అరిచింది తాతమ్మ.

దేముడమ్మ వినలేదు. లక్ష్మణమ్మ తలుపు రెండు చేతులా బాదుతోంది. వీధిలో జనం ఆగి చూస్తున్నారు. చూడనీ.

“తలుపు తియ్యే లక్ష్మణమ్మా! ఒక్క మాట సెప్పు. ఆవేళ దీపం నువ్వు ఆర్పినావా? గాలికి ఆరిపోనాదా?”